చేయడానికేమీ లేని ఆట

ఆ ఆట గురించి నేను రాసిన మాటలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. "రెండు గంటల్లో అయిపోయింది. తుపాకీ లేదు, శత్రువు లేడు, ఓడిపోతామన్న భయం లేదు. నడవాలి, తలుపులు తీయాలి, ఉత్తరాలు చదవాలి. చేయడానికేమీ లేదు. దీనికి నాలుగు వందలు పెట్టే బదులు ఇద్దరు కలిసి బిర్యానీ తినండి. పదికి నాలుగు." బిర్యానీ మాట రాసినప్పుడు నాలో నేనే నవ్వుకున్నాను. చదివినవాళ్ళూ నవ్వారు.

నేను మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దుటి డ్యూటీ. రక్తం తీయడం, పరీక్షలు చేయడం, కాగితాలు రాయడం. మధ్యాహ్నం రెండు గంటలకల్లా గదికి చేరతాను. ఆదివారాలు వీడియో గేమ్‌ల మీద తెలుగులో రివ్యూలు రాసేవాణ్ణి, నా పేరు పెట్టకుండా. చదివేవాళ్ళు గుప్పెడు మందే. అయినా ఇంకొకరి పనికి మార్కులు వేసే కుర్చీలో కూర్చున్నాక మనిషికి కొంచెం పొగరు వస్తుంది. నాకు కొంచెం ఎక్కువే వచ్చింది.

కథ చెబుతూ మనల్ని ఊరికే అటూ ఇటూ తిప్పే ఇలాంటి వాటిని గేమ్‌ల పిచ్చి ఉన్నవాళ్ళు ఎగతాళిగా నడక ఆటలు అంటారు. నేను తిట్టిన ఆటలో ఒక అమ్మాయి చాలా ఏళ్ళ తర్వాత తాత ఇంటికి వస్తుంది. తాత చనిపోయాడు. సముద్రం పక్కన రెండంతస్తుల చెక్క ఇల్లు, లోపల ఎవరూ లేరు. సొరుగులు తీస్తూ, పాత ఉత్తరాలు చదువుతూ పోతే ఆ ముసలాయన బతుకు కొద్దికొద్దిగా తెలుస్తుంది. చివర పై అంతస్తులో ఒక గది ఉంటుంది. లోపల టేపు రికార్డరు, అందులో తాత గొంతు. ఆయన చెప్పేది విన్నాక తెర నల్లబడుతుంది. అంతే ఆట.

మా దవాఖానలో ఎక్స్‌రేలు తీసే అన్నకు దాన్ని ఒకసారి చూపించాను. యాభై దాటినవాడు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఫోన్‌లో కాల్పుల ఆట ఆడతాడు. పది నిమిషాలు చూసి, "గిదేం ఆటనే? తలుపు తీసుడు, సొరుగు సదురుడు. గీ పని మా ఇంట్ల నా పెండ్లాం రోజు చెప్తనే ఉంటది, ఉత్తగనే" అన్నాడు. ఆ మాట కూడా నా రివ్యూలో వాడుకున్నాను.

అది రాసిన మూడు నెలలకు మా బాపుకు, అంటే నాన్నకు, పక్షవాతం వచ్చింది.

మాది జనగామ జిల్లా, లింగాల ఘనపూర్ దగ్గర చిన్న ఊరు. జనగామలో చూపించాం, పెద్ద దవాఖానలో చూపించాం, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట పోయింది. కళ్ళు మాత్రం మునుపటి లాగే ఉండేవి, మనిషి లోపలే ఉన్నాడని వాటిని చూస్తే తెలిసిపోయేది. ఎడమ చేయి కొంచెం కదిలేది. నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజులూ బాపు ఒకటే సైగ చేశాడు. ఎడమ చేతిని మంచం పక్కకు చాపి, అరచెయ్యి నేల వైపు తిప్పి, గాలిలో అలా నిలిపేవాడు. కాసేపటికి చేయి వణికి పడిపోయేది. కొంచెం ఓపిక వచ్చాక మళ్ళీ చాపేవాడు. మంచానికి ఆ పక్కనే స్టాండు మీద మంచినీళ్ళ కుండ ఉండేది. మొదటి రోజే అమ్మ చూసి, "నీళ్ళు అడుగుతుండు బిడ్డా" అంది. నేను చెంచాతో నీళ్ళు పోశాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నీళ్ళు చెంప మీదుగా చెవిలోకి పోయాయి, తువ్వాలతో తుడిచాను. మళ్ళీ చేయి చాపాడు. మళ్ళీ పోశాను. రోజంతా అదే పని.

తొమ్మిదో రోజు పొద్దున పోయాడు.

అయ్యగారు పంచాంగం చూసి మంచి నక్షత్రం కాదన్నాడు. ధనిష్ఠ. శవాన్ని ఎక్కువసేపు ఉంచొద్దని తొందర పెట్టారు. ఫోన్లు అందినవాళ్ళు వచ్చారు, దూరపువాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. బాపుకు ఒక్కతే చెల్లెలు, నా మేనత్త, భూపాలపల్లి అవతల కాటారంలో ఉంటుంది. ఆమె వచ్చేసరికి పాడె లేచింది. వాడకట్టు చివర కరెంటు స్తంభం దగ్గర నిలబడి ఉండగా చూశాను. దగ్గరికి వెళ్ళి రమ్మన్నాను. "వద్దు అల్లుడా, ఈన్నే ఉంట" అంది. స్మశానం నుంచి మేం తిరిగి వచ్చేసరికి ఆమె లేదు, వచ్చిన దారినే వెళ్ళిపోయిందన్నారు.

ఆమెకూ మా ఇంటికీ పదేళ్ళుగా రాకపోకలు లేవు. పెళ్ళయిన కొన్నేళ్ళకు మేనత్తవాళ్ళింట్లో అందరూ చర్చికి పోవడం మొదలుపెట్టారు. ఒకసారి మా ఇంట్లో రెండు రోజులు ఉండి వెళ్తుంటే అమ్మ బొట్టు పెట్టబోయింది, ఆమె వద్దంది. మా వైపు ఇంటి ఆడబిడ్డ బొట్టు పెట్టించుకోకుండా పుట్టింటి గడప దాటడం చిన్న విషయం కాదు. ఏదో మాటా మాటా పెరిగి ఆమె వెళ్ళిపోయింది. నేను అప్పుడు హైదరాబాద్‌లో చదువుకుంటున్నాను. ఎవరు ఏమన్నారో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేదో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాట ఇస్తే అప్పుడు ముడుతుంది. నాకు ఇవన్నీ పెద్దగా నమ్మకం లేదు. కానీ ఆ రోజు కాకి వచ్చి గోడ మీద కూర్చుని, విస్తరి వైపు చూస్తూ ఎంతకీ దిగకపోతుంటే నేనూ అందరితో పాటు దాని వైపే చూస్తూ నిలబడ్డాను. చిన్నాయన అన్నాడు, "నీ కొడుకు పెండ్లి మేం చేస్తం, పరేషాన్ గాకు." కాకి కదల్లేదు. "పొలం అమ్మం, బీడు పెట్టం" అన్నారు. "నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటం" అన్నారు. ఒక్కొక్కరు ఒక్కో మాట ఇచ్చారు, కాకి అందరినీ విన్నది. చివరికి ఎగిరి చింతచెట్టు మీదికి పోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఏడుపు ఆపుకుంటోందని అనుకున్నాను. విస్తరి తీసుకుపోయి ఆవుకు పెట్టేశారు.

దినాలు అయ్యాక ఇల్లు విడిచాం. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఆర్నెల్లు ఇల్లు ఖాళీ పెట్టాలి, లోపల దీపం పెట్టకూడదు, గడప తొక్కకూడదు. అమ్మ రెండు సంచుల్లో చీరలు, బియ్యం, మందులు సర్దుకుంది. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. బాపు తువ్వాల దండెం మీద, చెప్పులు మంచం కింద, గోడ మీద గడియారం నడుస్తూనే. తాళం వేశాం, చిన్నాయన తుమ్మకంప తెచ్చి గడపకు అడ్డంగా పడేశాడు. అమ్మను నాతో మహబూబాబాద్ తీసుకొచ్చాను.

ఆర్నెల్లూ ఆ ఇల్లు మా వెంటే వచ్చి నా గదిలో కూర్చుంది. అన్నం తింటూ తింటూ అమ్మ ఆగిపోయి, "గడియారంల సెల్లు ఆర్నెల్లు ఆగుతదా?" అనేది. ఇంకోరోజు, "పెరటి తలుపు గొళ్ళెం పెట్టినమా?" అనేది. పెట్టామని నేను చెప్పేవాణ్ణి, నాకూ గుర్తు లేదు. వచ్చిన వారంలో పక్కింటి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ ఇంట్ల ఫోన్ మోగుతుంది. పొద్దుగాల నుంచి నాలుగుసార్లు మోగింది. నాకు బుగులైతుంది" అంది భయంభయంగా. బాపు ఫోన్ గూట్లోనే మర్చిపోయాం. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోన్ తీసి చూశాను. నాలుగుసార్లూ బాపు నంబరుకే. ఫోన్ ఎక్కడిదక్కడే పెట్టేశాను. మర్నాటి నుంచి స్విచాఫ్ వచ్చినట్టుంది, అమ్మ ఇక చేయలేదు.

పగలంతా ఒక్కతే కూర్చుంటోంది, టీవీ పెట్టమంటే తల నొప్పి అంటోంది. ఒక మధ్యాహ్నం నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో రేసు ఆట ఆడుతుంటే వెనక నుంచి, "గా కార్ల సప్పుడు బంద్ చెయ్యి. జర నిమ్మలమైనది ఏదన్న ఉంటే పెట్టు" అంది. నా దగ్గర నిమ్మలమైనది ఒకటే ఉంది. నాలుగు మార్కుల ఆట. కొన్నాను కదా, పడి ఉంది.

తెర మీద ఆ ఇల్లు కనబడగానే అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఎవరిల్లు?" అంది. చెప్పాను. "ఎన్ని రోజులైంది ఆయన పోయి?" అంది. ఆటలో అది ఎక్కడా చెప్పరు, రెండుసార్లు ఆడినా నాకు తట్టని ప్రశ్న. కాసేపయ్యాక కంట్రోలర్ నా చేతిలోంచి తీసుకుంది. ఐదో తరగతి చదివిన మనిషి, ఫోన్‌లో పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప ఎరగదు. రెండు రోజులు గోడలకు గుద్దుకుంది. మూడో రోజుకు మెట్లు ఎక్కింది. పరుగెత్తే బటన్ చూపిస్తే నా వైపు చిత్రంగా చూసి, "సచ్చినోళ్ళ ఇంట్ల ఉరుకుతరా?" అంది.

ఆమె ఆడే తీరు చూస్తే నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత విసుగొచ్చింది. తీసిన ప్రతి సొరుగూ మళ్ళీ మూసేది. గదిలోంచి బయటికి వస్తూ లైటు ఆర్పేది. ఆ ఆటలో సొరుగు మూసినందుకు ఏ లాభమూ లేదు, లైటు ఆర్పినందుకు పాయింట్లు రావు. చెప్పి చూశాను. "లాభానికా? వేరేటోళ్ళ ఇల్లు" అంది. ఉత్తరాలు ఇంగ్లీషులో ఉంటే నేను చదివి చెప్పేవాణ్ణి. ఒక్కో ఉత్తరం రెండుసార్లు చదివించుకునేది. కప్పులో సగం తాగిన కాఫీ కనిపిస్తే అక్కడే ఆగిపోయేది. కిటికీ దగ్గర నిలబడి ఏ బటనూ నొక్కకుండా పది నిమిషాలు సముద్రాన్ని చూసేది. నేను రెండు గంటల్లో దాటేసిన ఇంట్లో ఆమె నెలా పదిహేను రోజులు ఉంది.

ఎక్స్‌రే అన్నకు ఈ సంగతి చెప్పాను. "అయితే నాలుగు వందలు గిట్టుబాటయినట్టేనా?" అన్నాడు. ఆయన ఆట పట్టించడానికే అన్నా నేను ఆ ప్రశ్నను నిజంగానే పట్టుకుని కూర్చున్నాను. గంటకు ఎంత పడింది అని లెక్క కడితే అమ్మ ఆడినంత చవగ్గా నేను ఏ ఆటా ఆడలేదు. కానీ ఆ గంటలు ఆటలోవా, అమ్మవా? ఆట చేసినవాళ్ళు ఆ ఇంట్లో పెట్టినదాని కంటే ఎక్కువ ఆమే తీసుకెళ్ళి పెట్టిందేమోనని అనుమానం. అదే నిజమైతే ఇలాంటి ఆటల్లో సగం సోమరితనం మీద బతుకుతున్నాయని నేను మునుపు ఇంకో రివ్యూలో అన్న మాట కూడా నిజమే. ఖాళీ గది కట్టి, వెనక నెమ్మదిగా పియానో వాయించి, మిగతాది మనల్నే నింపుకోమంటారు. నింపుకోవడానికి ఏమీ లేనివాడికి అది ఖాళీ గదే. అప్పటి నాకు అలాగే కనిపించింది.

చివరి గది దగ్గర అమ్మ ఆగిపోయింది. తాళంచెవి దొరికింది, తలుపు ముందు నిలబడింది. "తియ్యి అవ్వా, ఇదే ఆఖరు" అన్నాను అమ్మతో. కంట్రోలర్ ఒళ్ళో పెట్టేసుకుంది. "లోపటేముంది?" అంది. తాత మాట్లాడింది టేపులో ఉంటుందని చెప్పాను.

"ఏం మాట్లాడిండు?"

"అందరిని మన్నించిన అంటడు. ఎవ్వల మీద కోపం లేదంటడు."

అమ్మ ఆ తలుపు వైపే చూస్తూ, "రాసెటోళ్ళు రాసుకున్నరు" అంది. తర్వాత ఆ అమ్మాయిని వెనక్కి తిప్పి, మెట్లు దింపి, కింద వంటింట్లోకి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి ఆట పెట్టినప్పుడల్లా కింది గదుల్లోనే తిరిగేది. పైకి పోలేదు. ఆటను మధ్యలో వదిలేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను, విసుగు పుట్టి వదిలేస్తారు. అమ్మ మొహంలో విసుగు లేదు, భయం ఉంది. చనిపోయిన మనిషి గొంతు అంటే భయపడుతోందని సరిపెట్టుకున్నాను.

ఆ ఆర్నెల్లలో నా బుర్రలోనూ ఒక పిచ్చి మొదలైంది. కాకి ముట్టకుండా పోయిన రోజు నన్ను వదల్లేదు. బాపుకు ఏదో మిగిలిపోయింది. మా ఇంట్లో ఎక్కడో అది ఉంటుంది, కాగితమో, పాత ఫొటోనో, పెట్టె అడుగున ఏదైనా వస్తువో. తాళం తీశాక ఒక్కో గదీ వరసగా వెతికితే దొరుకుతుంది. ఆటలో అలాగే దొరుకుతుంది కదా. నేను చిన్నచూపు చూసిన ఆట చేతే మోసపోతున్నానని నాకు తెలియలేదు. మా బాపు వేలిముద్ర వేసే మనిషి, ఆయన కాగితం రాసిపెట్టి ఉండడన్న మాట కూడా అప్పుడు గుర్తు రాలేదు.

ఆర్నెల్లు నిండాక మంచి రోజు చూసి వెళ్ళాం. కంప తీశారు. ముందు ఆవును లోపలికి తోలారు, ఆ తర్వాత అయ్యగారు నీళ్ళు చల్లాడు. పొయ్యి మీద పాలు పొంగించారు. తలుపు తీసినప్పుడు వచ్చిన గాలి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. మూసిన ధాన్యం వాసన, ఎలుకల వాసన, వాటి కింద బాపు బీడీల వాసన. గడియారం ఆగిపోయి ఉంది. తువ్వాల దండెం మీద అట్ట కట్టింది. చుట్టాలు భోంచేసి వెళ్ళిపోయాక అమ్మా, నేనూ మిగిలాం. మధ్యాహ్నం ఎండ వాకిట్లో దిగింది. అమ్మ అరుగు మీద కూర్చుంది. నేను వెతకడం మొదలుపెట్టాను.

గూళ్ళు వెతికాను. ఇనప్పెట్టె వెతికాను. చొక్కాల జేబులు తిరగేశాను. కరెంటు బిల్లులు, యూరియా రసీదులు, ఎండిపోయిన వక్కలు, ఒక కాలి పట్టీ, రేషన్ కార్డు జిరాక్సులు. దొరికిన ప్రతిదాన్నీ అరుగు మీదికి తీసుకెళ్ళి అమ్మకు చూపించి, "ఇదేంది?" అని అడిగాను. చెప్పింది. కాలి పట్టీ ఎవరిదని అడిగితే చెప్పలేదు. "కుండ స్టాండు వెనక చూస్తా" అన్నాను. "గా మూలకే సైగ చేసిండు గద, ఏమన్న పెట్టిండేమో."

"ఏం లేదు ఆడ" అంది అమ్మ.

"చూస్తే ఏం పోతది?"

"ఏం లేదంటున్న గద. నీళ్ళు గాదు, కుండ గాదు." ఎండ వైపు చూస్తూ అంది. "మీ బాపు అడిగింది చెల్లెను."

నేను చేతిలో ఉన్నవి కింద పెట్టాను.

"చెల్లె ముచ్చట చెప్పినప్పుడల్ల చెయ్యి గట్లనే చాపుతుండె. గింత పొల్ల ఉన్నప్పుడు మా అవ్వ సచ్చిపోయింది, నేనే సంకనేసుకొని పెంచిన అని. లగ్గమైనకాన్నుంచి ఎన్నిసార్లు ఇన్ననో. మొదటి రోజే నాకు ఎరుకైంది."

"మల్ల నాకు నీళ్ళంటివి."

"బొట్టు వద్దన్నదానివి మల్ల ఈ గడప తొక్కకు అని ఆమెను అన్నది నేను. మీ బాపు ఆ మాట ఇన్నడు, ఏం అనలే. పదేండ్లు ఏం అనలే. ఇప్పుడు పిలిస్తే ఆమె వచ్చి ఊరందరి ముంగట నా మొకం మీద అడుగుతదని బుగులైంది. ఆయన జర తేరుకున్నంక పిలుద్దామనుకున్న. రేపు పిలుస్త, ఎల్లుండి పిలుస్త అనుకుంట ఉన్న."

"పిట్టకు పెట్టిననాడు గూడ చెప్పకపోతివి."

"నోరు రాలే బిడ్డా. అందరున్నరు."

నేను అరవలేదు. అరిస్తే బాగుండేదేమో. నెమ్మదిగా అన్నాను, "నోరు పోయిందని డాక్టర్లు అన్నరు. మిగిలిన చెయ్యిని నువ్వు తీసేసినవ్." అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ మాటను నేను ఈ రోజు వరకు వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని ఉంది. ఎలా తీసుకోవాలో తెలియడం లేదు.

ఎందుకంటే ఆ తొమ్మిది రోజులు చెంచా పట్టుకుంది నేను. చేయి తాకితే నరం ఎక్కడుందో చెప్పగలనని దవాఖానలో నాకు పేరు. దాహం వేసిన మనిషి మొహం పక్కకు తిప్పుకోడని తెలియడానికి చదువు కూడా అక్కర్లేదు. పోసిన ప్రతిసారీ తిప్పుకున్నాడు. నేను చూశాను, చూసి తువ్వాలతో తుడిచాను, మళ్ళీ పోశాను. ఆయన నా కళ్ళలోకి చూసేవాడు. ఆ చూపు ఇప్పుడు నేను రక్తం తీస్తున్నప్పుడు మంచం మీది ముసలివాళ్ళ మొహాల్లో కనిపిస్తుంది, చేయి ఆగిపోతుంది. లైను కదలడం లేదని వెనకవాళ్ళు అరుస్తారు.

మహబూబాబాద్ తిరిగి వచ్చాక నా పాత రివ్యూ తెరిచాను. నాలుగును తొమ్మిది చేద్దామనుకున్నాను. చేయలేకపోయాను. ఆట మారలేదు, రెండు గంటలదే, పరుగెత్తేవాడికి అందులో ఇప్పటికీ ఏమీ దొరకదు. నాలుగు వందలకు అది చాలా, చాలదా అని ఎవరైనా అడిగితే నేను ఈ రోజుకీ తడబడతాను. కానీ చేయడానికేమీ లేదు అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒక మనిషి మిగిల్చినవాటి ముందు నిలబడి, తొందరపడకుండా, సరిగ్గా చూడాలి. ఆ ఆట అడిగింది అంతే. అది పని కాదని నేను మార్కులు కోశాను. బాపు మంచం పక్కన నా ముందు ఉన్న పని కూడా అదే, అందులో నాకు పదికి సున్నా. ఆ వాక్యం కొట్టేశాను, అంకె కూడా కొట్టేశాను. మళ్ళీ ఆలోచించి రెండూ అలాగే పెట్టేశాను. అవి నేను అన్నవే, అలాగే ఉండనీ అనుకున్నాను.

వారం రోజులు మేమిద్దరం అవసరానికే మాట్లాడుకున్నాం. ఎనిమిదో రోజు అమ్మ చీర మార్చుకుని గది ముందు నిలబడింది. "నన్ను కాటారం తీస్కపో" అంది.

భూపాలపల్లిలో బస్సు మారాం. దారి పొడుగునా అమ్మ కిటికీ కమ్మి పట్టుకుని కూర్చుంది. అత్త ఇల్లు రోడ్డు నుంచి కొంచెం లోపలికి, రేకుల ఇల్లు, తలుపు మీద శిలువ బొమ్మ. అత్త వాకిట్లో పీట వేసుకుని బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట ఆపింది. అమ్మ గేటు దాటలేదు. పిలిచేదాకా అక్కడే నిలబడింది.

"రాండ్రి" అంది అత్త. "ఎండల నిలబడ్డరేంది?"

నాకు కుర్చీ వేసింది. అమ్మ కుర్చీలో కూర్చోకుండా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. గడప మాట తానే ఎత్తింది, చేయి సంగతి చెప్పింది, నాకు నీళ్ళని చెప్పిన సంగతి చెప్పింది. ఏడవలేదు, మన్నించమని అడగలేదు. అత్త వింటూ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. తవుడు గాలికి అమ్మ చీర మీద పడుతోంది, ఇద్దరిలో ఎవరూ దులపలేదు. ఆ ఆట రాసినవాళ్ళయితే ఇక్కడ ఒక చల్లని మాట పెట్టేవాళ్ళు. నేను కూడా దాని కోసమే ఎదురుచూస్తున్నానని సిగ్గుపడుతూ గమనించాను.

"ఎన్ని రోజులు అడిగిండు?" అంది అత్త.

"తొమ్మిది" అంది అమ్మ.

అత్త చాట ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూసింది.

"తొమ్మిది పొద్దులాయె వదినె" అంది. "పొద్దుగాల బస్సెక్కితే పగటికల్ల ఆడ ఉంటుంటి."